భయం పట్టిన రాత్రి ఏం చేయాలి, ఏం చేయకూడదు

భయం పట్టిందని మా గుమ్మంలోకి వచ్చినవాళ్లని నేను ముందు అడిగే మాట "ఏం తిన్నావమ్మా?" అనే. ప్రార్థన చేయించుకుందామని వస్తే ఈవిడ తిండి సంగతి అడుగుతుందేమిటని కొందరు మొహం చిన్నబుచ్చుకుంటారు. నేను కోనసీమలో రాజోలు వైపు ఊళ్లలో ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా చర్చి సంఘంలో స్త్రీల కూడిక చూసుకుంటున్నాను. ఆ ఉద్యోగంలోనూ ఈ పనిలోనూ నేను చూసింది ఒకటే. కడుపు ఖాళీగా, కంటికి నిద్ర లేకుండా ఉన్న మనిషి మీద భయం తేలిగ్గా ఎక్కి కూర్చుంటుంది.

బైబిల్లో ఏలీయా ప్రవక్త సంగతే చూడండి. యెజెబెలు రాణి బెదిరింపుకి పారిపోయి, బదరీ చెట్టు కింద పడి, ఇక నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డితో నీళ్లు పెట్టి లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. 1 రాజులు 19లో ఉంది, చదువుకోండి.

ఇది విశ్వాసంలో ఉండి కూడా రాత్రి అయ్యేసరికి వణికిపోయేవాళ్ల కోసం రాస్తున్నాను. చిల్లంగి (చేతబడి) పెట్టారని, గాలి సోకిందని, సాతాను తరుముతున్నాడని అనుకునేవాళ్ల కోసం. దురాత్మలు లేవని నేను అనను. బైబిలు ఉన్నాయనే చెబుతుంది, నేనూ నమ్ముతాను. అయితే వచ్చిన ప్రతి వణుకునీ వాటి ఖాతాలో రాసేస్తే అసలు జబ్బూ దొరకదు, అసలు శోధనా దొరకదు.

ఆ రాత్రికి

లేచి కూర్చోండి. లైటు వేయండి. పాదాలు నేలకి ఆనించి గ్లాసుడు మంచినీళ్లు నెమ్మదిగా తాగండి. ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికి రెట్టింపు సేపు నోటితో వదలండి. అలా కాసేపు చేస్తే గుండె దడ తగ్గుముఖం పడుతుంది.

షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ఇక్కడే ఒకసారి ఆగాలి. చెమటలు, వణుకు, దడ, పీడకల ఇవన్నీ రాత్రిపూట షుగరు పడిపోయినా వస్తాయి. ఇంట్లో మిషన్ ఉంటే చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. మిషన్ లేకపోతే అనుమానం మీదైనా తాగేయండి. ఛాతీలో నొప్పి చేతికో దవడకో పాకుతుంటే మాత్రం 108కి ఫోన్ చేయాలి. ప్రార్థన అంబులెన్సులో కూర్చుని కూడా చేసుకోవచ్చు.

"గుండెల మీద ఎవరో కూర్చున్నారండి, అరుద్దామంటే గొంతు రాలేదు, వేలు కూడా కదల్లేదు" అని చెప్పేవాళ్లు మా వైపు చాలామంది. కలలొచ్చే నిద్రలో ఉన్నప్పుడు, కలలో పరిగెత్తినట్టు మంచం మీద నిజంగానే పరిగెత్తకుండా మెదడు మన కండరాలని ఆపి ఉంచుతుంది. ఒక్కోసారి మెలకువ ముందొచ్చేస్తుంది, ఆ పట్టు కొంచెం ఆలస్యంగా వదులుతుంది. డాక్టర్లు దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. కొన్ని సెకన్లలో, మహా అయితే కొన్ని నిమిషాల్లో దానంతటదే పోతుంది. వెల్లకిలా పడుకునేవాళ్లకి, నిద్ర సరిగ్గా చాలనివాళ్లకి ఎక్కువ వస్తుంది. అప్పుడు ఒళ్లంతా ఒకేసారి కదపాలని పెనుగులాడొద్దు. ఒక్క బొటనవేలు కదపడానికి చూడండి. నోరు పెగలకపోతే "యేసు ప్రభువా" అని లోపలే అనుకోండి. తర్వాత పక్కకి తిరిగి పడుకోండి. కారణం తెలిశాక ఇంకా ప్రార్థన దేనికని ఒక కాలేజీ కుర్రాడు నన్ను అడిగాడు. ఆపరేషన్‌కి కారణం తెలిసినా థియేటర్లోకి వెళ్లేముందు మీ అమ్మ చెయ్యి పట్టుకోవా బాబూ అన్నాను.

దడ కొంచెం దిగాక ఒక్క వాక్యం పైకి, మీ చెవులకి వినపడేలా చెప్పండి. ఒక్కటే చాలు. అధ్యాయాలకి అధ్యాయాలు చదవబోతే భయంలో కళ్లు అక్షరాల మీద నిలవవు. నేను ఎక్కువగా ఇచ్చేది కీర్తన 56:3. "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." గాతులో ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పుడు దావీదు పాడుకున్నది. నాకు భయం రాదు అనలేదు ఆయన. వచ్చిన రోజున ఏం చేస్తాడో చెప్పాడు. విశ్వాసికి అసలు భయమే వేయకూడదన్నట్టు మాట్లాడే పెద్దలు ఈ వాక్యం ఎలా దాటి వెళ్తారో నాకు అర్థం కాదు. పిల్లలకైతే 2 తిమోతి 1:7 నేర్పండి, పడుకోబోయే ముందైతే నాలుగో కీర్తన చివరి వచనం.

91వ కీర్తన కాగితం మీద రాసి తలగడ కింద పెట్టుకునేవాళ్లున్నారు. పెట్టుకోండి, తప్పులేదు. అయితే ప్రభువుని శోధించినప్పుడు దేవాలయ శిఖరం మీద అపవాది, అంటే సాతాను, ఆయనకి అప్పజెప్పింది ఆ కీర్తనలోని మాటలే. వాక్యం తాయెత్తులా పనిచేసేదైతే వాడి నోట్లో ఆ మాటలు నిలిచేవే కావు. ప్రభువు దాన్ని వాడిలా అప్పజెప్పి ఊరుకోలేదు, తండ్రి మాట విని నిలబడ్డాడు.

దురాత్మని గద్దించడం గురించి చాలామంది అడుగుతారు. యాకోబు 4:7 చూడండి. "కాబట్టి దేవునికి లోబడియుండుడి, అపవాదిని ఎదిరించుడి, అప్పుడు వాడు మీయొద్దనుండి పారిపోవును." మనవాళ్లకి రెండో భాగమే బాగా నోటికొచ్చు. లోబడడం ముందు. ఎదిరించడానికి గొంతు చించుకోనక్కర్లేదు. బైబిల్లో యూదా రాసిన పత్రికలో ప్రధానదూత మిఖాయేలంతటివాడు కూడా "ప్రభువు నిన్ను గద్దించును గాక" అని ఒక్కమాట అని ఊరుకున్నాడు. అపొస్తలుల కార్యములు 19లో స్కెవ అనే యాజకుడి కొడుకులు ఏడుగురు యేసు పేరుని మంత్రంలా వాడబోయి, ఒంటిమీద బట్టల్లేకుండా, గాయాలతో ఆ ఇంట్లోంచి పారిపోయారు. కాబట్టి ఒకసారి చెప్పండి, నమ్మి చెప్పండి, తర్వాత వాడి ఊసు ఆపేసి ప్రభువుతో మాట్లాడండి.

ఆఖరుగా, పక్కగదిలో ఎవరున్నా లేపండి. "పాపం నిద్ర చెడుతుంది" అని మొహమాటపడి ఒక్కరే తెల్లారేదాకా కూర్చోవద్దు. గెత్సేమనేలో ప్రభువే తన దుఃఖం చెప్పుకుని, నాతో కూడా మెలకువగా ఉండండని శిష్యుల్ని అడిగాడు. వాళ్లు నిద్రపోయారనుకోండి, అది వేరే విషయం. అడగడం చిన్నతనం కాదని చెప్పడానికి అది చాలు.

ఎవరు చేశారన్న ప్రశ్న

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడుంది. భయం పట్టినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది మూడో మాటలో "ఎవరో చేయించారండి" అంటారు. ఆ తర్వాత ఒక పేరొస్తుంది. తోడికోడలు, గట్టు తగాదా ఉన్న పక్క చేలాయన, లేకపోతే ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ. ఆ పేరు మనసులో పడ్డాక భయం పోదు, దానికి కోపం తోడవుతుంది. చిల్లంగి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన గోదావరి జిల్లాల పేపర్లలో చదివినవే కదా.

ఎఫెసీయులకు 4:26, 27 తీసి చూడండి. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు. అపవాదికి చోటియ్యకుడి." ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. అపవాదికి చోటు దొరికేది గుమ్మం ముందు పడి ఉన్న నిమ్మకాయలో అని పౌలు రాయలేదు. పొద్దుగూకినా దిగని కోపంలో అని రాశాడు. అందుకే నా లెక్కలో, మిమ్మల్ని ఒంటరిని చేసి, ఇరుగుపొరుగు మీద అనుమానం నింపేదే అసలు దాడి. దడ, చెమట, పీడకల దాని ముందు చిన్నవి.

నరసాపురంలో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు 1830లలో పని మొదలుపెట్టినప్పటి నుంచి ఈ డెల్టా సువార్త వింటోంది. రెండొందల ఏళ్లు కావస్తోంది. ఇప్పటికీ ద్వారబంధానికి సిలువ స్టిక్కరు, దాని పక్కనే దిష్టి గుమ్మడికాయ ఉన్న విశ్వాసుల ఇళ్లు నాకు తెలుసు. ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. తాతల నాటి భయం ఒక్క బాప్తిస్మంతో వదలదు, నెమ్మదిగా వదిలించుకోవాలి.

గుమ్మం ముందు పసుపు కుంకుమ పూసిన నిమ్మకాయ కనపడితే ఏం చేయాలని అడుగుతారు. చీపురు, చేట తెచ్చి ఎత్తి చెత్తలో వేయండి. ఎప్పటిలాగే వాకిలి కడుక్కోండి. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు, వీధిలో నిలబడి శాపనార్థాలు పెట్టొద్దు. బిడ్డకి జ్వరం తగ్గాలని ఎవరో తల్లి దిష్టి తీసి దారిలో వేసి ఉంటుంది. కుక్కో సైకిలు చక్రమో మీ గుమ్మందాకా తెచ్చి ఉంటుంది. ఆ తల్లికి మీ మీద కక్షేమీ ఉండదు. చేతనైతే ఆ బిడ్డ కోసం ఒక నిమిషం ప్రార్థించండి.

రొయ్యల చెరువుల వాళ్ల భయం ఇంకో రకం. అమావాస్య రాత్రి రొయ్య చచ్చి గట్టుకి కొట్టుకొచ్చిందని, చెరువు గట్టు మీద ఎవరో ఏదో పాతిపెట్టారని, పాస్టరు అయ్యగారిని తీసుకొచ్చి ప్రార్థన నూనె పోయించాలని ఒకాయన వచ్చాడు. అప్పు గురించి అడిగితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య గుల్ల విడుస్తుందని, అప్పుడు నీరసంగా ఉంటుందని, మేత తగ్గించాలని చెరువు చేసే ప్రతివాడికీ తెలుసు, ఆయనకీ తెలుసు. వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు సంగతీ తెలుసు. కానీ లక్షల అప్పు నెత్తిన ఉన్నప్పుడు వైరస్ కన్నా శత్రువు దొరికితేనే మనసుకి ఊరట. "బాబూ, ముందు నీళ్లూ రొయ్యా ల్యాబ్‌కి పంపించు. ప్రార్థన అప్పు గురించి చేద్దాం, నీ భార్యకి తెలియని అప్పు గురించి ముందు చేద్దాం" అన్నాను. ఆయనని రాత్రి నిద్రపోనివ్వనిది అదే.

ఎవరు చేశారో తెలుసుకోవడానికి అంజనం వేయించడం, సోదె అడగడం ద్వితీయోపదేశకాండము 18 వద్దంటుంది. ఆ మాట మనవాళ్లు ఒప్పుకుంటారు. కానీ ఒక ప్రసంగీకుడు కళ్లు మూసుకుని "మీ ఇంటికి ఉత్తరాన ఉన్న ఒక స్త్రీ" అంటే మాత్రం ప్రవచనమని నమ్మేస్తారు. అదీ అంజనమే, తెల్లబట్టలు వేసుకుంది, అంతే.

అనుమానం ఇప్పటికే మనసులో పడిపోయి ఉంటే ఇలా చేయండి. ఆ మనిషి పేరు పెట్టి, ఆవిడ ఆరోగ్యం కోసం, ఆవిడ పిల్లల కోసం రోజూ ప్రార్థించండి. మొదట్లో మాటలు గొంతులో అడ్డం పడతాయి, అయినా చేయండి. నిజంగానే తగాదా ఉంటే, గట్టు తగాదా కానీ బంగారం తగాదా కానీ, పగటిపూట వెళ్లి ముందు ఇద్దరే మాట్లాడుకోండి. తెగకపోతే సంఘంలో పెద్దమనిషి ఒకరిని తీసుకెళ్లండి. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరుస అదే.

డాక్టరు చూడాల్సినవి

మార్కు 9లో దయ్యం పట్టిన పిల్లవాడిని తీసుకొస్తే ప్రభువు వాళ్ల నాన్నని ముందు ఏమడిగాడో గమనించారా? ఇది వీడికి ఎంతకాలం నుంచి ఉంది అని. మా ఓపీలో చీటీ మీద మొదట రాసే ప్రశ్న అదే. కాబట్టి ఎప్పటి నుంచి, రోజూ ఏ వేళకి, ఏం మందులు వాడుతున్నారు అని అడగడం అవిశ్వాసం కాదు.

బాలింతల గురించి ముందు చెప్పాలి. కాన్పయిన మొదటి వారాల్లో నిద్రపోకుండా, సంబంధం లేకుండా మాట్లాడుతూ, బిడ్డని చూసి భయపడుతూ ఉంటే "బాలింతకి గాలి సోకింది" అని గది తలుపులు మూసేస్తారు. అది ఎమర్జెన్సీ. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకూడదు. మందులతో బాగా నయమయ్యే జబ్బు అది. చెవిలో మాటలు వినపడుతున్నాయన్నా, రోజుల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా ఆగొద్దు. మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు బైబిలు మొదటి పేజీలో రాసుకోండి.

ఫిట్స్ మాత్రలు, మానసిక వైద్యుడిచ్చిన మాత్రలు, థైరాయిడ్ మాత్ర... "స్వస్థత పొందాను" అని వీటిని ఎవరికి వారు ఆపేయకూడదు. నిజంగా స్వస్థత వచ్చి ఉంటే డాక్టరు పరీక్ష చేసి ఆయనే ఆపుతాడు. లూకా వైద్యుడు, పౌలుకి ప్రియమైన తోటి పనివాడు.

1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు తోటలే నేలకొరిగాయి. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు గాలి హోరు వినపడగానే చెవులు మూసుకుని వణికే పెద్దవాళ్లని చూశాను. అందులో దయ్యమేమీ లేదు, ఒళ్లు ఆ రాత్రిని మర్చిపోలేదంతే. అలాంటివాళ్లకి వాక్యంతో పాటు పని కూడా కావాలి. వాయుగుండం అని టీవీలో చెప్పగానే పట్టా కాగితాలు, ఆధార్, మందులు పాలిథిన్ కవరులో కట్టి, టార్చి పక్కన పెట్టి, తుపాను షెల్టరుకి ఏ దారిన వెళ్లాలో మాట్లాడుకోండి. నెహెమ్యా 4:9లో యెరూషలేము గోడ కడుతున్నవాళ్లు దేవునికి ప్రార్థనా చేశారు, రాత్రింబగళ్లు కావలీ పెట్టారు.

ఎవరిని పిలవాలి

మీ సంఘ కాపరిని, ఆయన భార్య అమ్మగారిని, మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన ఒక పెద్దావిడని పిలవండి. ఎక్కడో సభలో చూసిన కొత్త మనిషిని కాదు. పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థించడం యాకోబు 5లో ఉంది, చేయించుకోండి. ఆ నూనెకి సీసాకింత అని ధర కడితే లేచి వచ్చేయండి. మాత్రలు ఆపమన్నా, ఆడపిల్లని ఒంటరిగా గదిలోకి పంపమన్నా, కొట్టినా, మిరపకాయల పొగ పెట్టినా, పక్కింటివాళ్ల పేరు చెప్పినా అంతే. మర్యాద కోసం కూర్చోనక్కర్లేదు. కొట్టారంటే పోలీసులకి చెప్పాల్సిన విషయం అది.

తర్వాతి వారాలు

భర్త కువైట్‌లో ఉండి, చంటిదానితో ఒక్కత్తే పడుకునే ఒక కోడలు రాత్రి పదకొండు దాటాక ఫోన్లో దయ్యాలు వదిలించే వీడియోలు చూస్తుంది. ధైర్యం కోసమట! ఒకటి చూస్తే ఆ ఫోనే ఇంకో పది చూపిస్తుంది. మైకులో ఆ అరుపులు విని పడుకుంటే ఏం కలలొస్తాయి? ఫోను వంటింట్లో ఛార్జింగుకి పెట్టి రమ్మన్నాను. తొమ్మిదికల్లా భోజనం, తర్వాత ఒక కీర్తన పాడుకోవడం, భర్తతో వీడియో కాల్ ఉంటే అంతకుముందే. వారంలో కొన్ని రాత్రులు మా కూడికలో ఒకావిడ వెళ్లి తోడు పడుకుంటోంది. అమావాస్య అంటే ఎక్కువ భయం కాబట్టి ఆ రాత్రి తప్పకుండా వెళుతుంది. నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లొద్దని, లేచి బట్టలు మడతపెట్టుకోమని చెప్పాను. సాయంత్రం నాలుగు తర్వాత టీ మానమన్నాను, అది మాత్రం ఇంకా మానలేదు.

భయం తగ్గి మళ్లీ వస్తే ప్రార్థన పనిచేయలేదనుకోవద్దు. శోధన ముగించి యేసు ప్రభువు దగ్గర్నుంచి అపవాది వెళ్లిపోయింది కొంతకాలమే అని లూకా రాశాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. నీళ్లు, వాక్యం, పక్కన మనిషి.

తోడు ఉండేవాళ్లకి ఒక మాట. పదేపదే "ఇంకా భయమేస్తోందా?" అని అడగొద్దు. అర్ధరాత్రి బోధ చేయొద్దు. పక్కన ఉండి, వాళ్లు అడిగితే ప్రార్థించి, పొద్దున ఇద్దరూ కలిసి చేయదగ్గ పని ఒకటి చూపించండి. ఆదివారం మందిరానికి తీసుకొచ్చి వెనక చాప మీద మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. "రామ్మా, సాక్ష్యం చెప్పు" అని ముందుకి మాత్రం పిలవనివ్వకండి. చెప్పాలనిపించిన రోజు వాళ్లే లేచి చెబుతారు. చెప్పకపోయినా అడగొద్దు.